సగం టోను స్పీకరు పెట్టెదే



ముందు ఒక చిన్న పని చేద్దాం. మీరు ఈ ప్రసంగం ఏ రేడియోలో వింటున్నారో, దాని స్పీకరు మీద అరచెయ్యి మూసి పెట్టండి. ఫోన్లో వింటుంటే స్పీకరు రంధ్రాల మీద వేలు పెట్టండి, చాలు. నా గొంతు మారింది కదూ? పక్కగదిలో తలుపేసుకుని మాట్లాడుతున్నట్టు అయింది. ఇప్పుడు చెయ్యి తీసెయ్యండి. మళ్ళీ మామూలైంది. ఈ మధ్యలో నేను మాట్లాడే తీరు మార్చలేదు. నా ముందున్న మైకు మార్చలేదు. మారింది మీ దగ్గరున్న స్పీకరు ఒక్కటే.

ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ అరచేతిలో ఉంది.

మాట్లాడబోయేది ఎలక్ట్రిక్ గిటారు గురించి. అందులోనూ, పెద్ద యాంప్ కొనే స్తోమతు గానీ, కొన్నా మోగించే చోటు గానీ లేక, కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ పెట్టుకుని వాయించుకునేవాళ్ళ గురించి. హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక అపార్ట్‌మెంట్. రాత్రి పదిన్నర. ఇంట్లో అందరూ పడుకున్నారు. ఒక కుర్రాడో అమ్మాయో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, లాప్‌టాప్ ముందు కూర్చుని, గోడ అవతలివాళ్ళకి వినపడకుండా గిటారు సాధన చేస్తున్నారు. అలాంటివాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళంటే నాకు ఎంతో గౌరవం. ఈ ప్రసంగం వాళ్ళ కోసం.

గిటారు పరిచయం లేని శ్రోతలకి ఒక్క మాట. ఎలక్ట్రిక్ గిటారు తనంతట తాను పెద్దగా మోగదు. తీగల కింద అయస్కాంతం, రాగి తీగ చుట్ట ఉంటాయి. దాన్ని పికప్ అంటాం. తీగ కదిలితే అందులో సన్నటి కరెంటు పుడుతుంది. ఆ కరెంటుని యాంప్ పెంచుతుంది. యాంప్ చివర స్పీకరు ఉంటుంది. ఆ స్పీకరు ఒక చెక్కపెట్టెలో బిగించి ఉంటుంది. ఆ పెట్టెని క్యాబినెట్ అంటారు. నేను స్పీకరు పెట్టె అనే అంటాను. స్టూడియోలో ఆ పెట్టె ముందు మైకు పెట్టి రికార్డు చేస్తారు. వరస గుర్తుపెట్టుకోండి. గిటారు, యాంప్, స్పీకరు పెట్టె, మైకు.

ఈ వరసనంతా కంప్యూటరు లోపల లెక్కలతో తిరిగి కట్టేదే యాంప్ సాఫ్ట్‌వేర్. ఇది నిన్న మొన్నటిది కాదు. 1998లో లైన్ సిక్స్ అనే అమెరికా కంపెనీ పాడ్ అని ఒక పరికరం తెచ్చింది. చిక్కుడు గింజ ఆకారంలో ఎర్రగా ఉండేది. బల్ల మీద పెట్టుకుని వాయించుకునేవాళ్ళు. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే యాంప్లిట్యూబ్, గిటార్ రిగ్ లాంటి సాఫ్ట్‌వేర్లు కంప్యూటర్లలోకి వచ్చాయి. ఇప్పుడైతే న్యూరల్ యాంప్ మోడలర్ అనేది ఉచితంగానే దొరుకుతోంది. అది నిజమైన యాంప్‌లోకి వెళ్ళిన శబ్దాన్నీ, బయటికొచ్చిన శబ్దాన్నీ పక్కపక్కన పోల్చి, ఆ యాంప్ స్వభావాన్ని నేర్చుకుంటుంది. సరుకు మంచిది. చాలా మంచిది. అయినా నాకు వినపడే ఫిర్యాదు మాత్రం పాతికేళ్ళుగా ఒకటే. టోను బాలేదు.

నా దగ్గర నేర్చుకునే ఒక కుర్రాడు ఉన్నాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఒకరోజు లాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు. "మాస్టారూ, నెల రోజుల్నించి తిప్పుతున్నానండీ. ఎంత తిప్పినా సీసాలో తేనెటీగల్ని మూసిపెట్టినట్టే ఉంది" అన్నాడు. ఒక నోటుపుస్తకం కూడా తెచ్చాడు. అందులో ఏ నాబ్ ఎక్కడ పెట్టాడో రోజువారీ లెక్కలు. ఈరోజు బేస్ 4, మిడ్ 6, ట్రెబుల్ 7. మర్నాడు బేస్ 5, ట్రెబుల్ 3. అలా పేజీలకి పేజీలు. అంత శ్రద్ధ చూసి నాకు మనసు చివుక్కుమంది.

విన్నాను. నిజంగానే తేనెటీగలు. గరగర, బరబర, చెవిలో సూది గుచ్చినట్టు. స్క్రీను చూశాను. అతను దించుకున్న ఫైలు యాంప్‌ది మాత్రమే. స్పీకరు పెట్టె లేదు. ఆ సాఫ్ట్‌వేర్లో పెట్టె పెట్టుకోవడానికి వేరే గడి ఉంది. అది ఖాళీగానే ఉంది. నా దగ్గరున్న ఒక పెట్టె ఫైలు అందులో పెట్టాను. నాబ్‌లు ఏవీ ముట్టుకోలేదు. "ఇప్పుడు వాయించు" అన్నాను. వాయించాడు. నాలుగు స్వరాలు వాయించి ఆపాడు. మళ్ళీ ఆ నాలుగే వాయించాడు. మళ్ళీ అవే. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "ఇది ఎవరూ చెప్పలేదండీ" అన్నాడు.

అందుకే నేను ఇక్కడ చెప్తున్నాను. సగం టోను స్పీకరు పెట్టెదే. నాబ్ తిప్పే ముందు పెట్టె మార్చండి. ఇంకోసారి చెప్తాను. నాబ్ తిప్పే ముందు, పెట్టె మార్చండి.

ఎందుకు అంత తేడా? ఇక్కడ కాస్త ఆగి చూద్దాం.

మీ ఇంట్లో పిండి జల్లెడ ఉంటుంది కదా. మర నుంచి తెచ్చిన పిండిని అలాగే కలిపితే ముద్దలో పొట్టు తగులుతుంది. జల్లిస్తే మెత్తటి పిండి కిందికి దిగుతుంది, పొట్టు పైన మిగులుతుంది. గిటారు యాంప్ కూడా మర లాంటిదే. ముఖ్యంగా గరుకుగా మోగే యాంప్, మనం డిస్టార్షన్ అంటామే, అది తీగ శబ్దాన్ని నలగ్గొట్టి కొత్త పైస్వరాల్ని బోలెడు పుట్టిస్తుంది. అందులో మంచి పిండీ ఉంటుంది, పొట్టూ ఉంటుంది. మన చెవి 20 వేల హెర్ట్జ్ దాకా వినగలదు. ఆ పొట్టంతా చెవికి తగులుతుంది. అదే ఆ తేనెటీగల రొద.

మరి నిజమైన యాంప్‌లో ఆ రొద ఎందుకు వినపడదు? స్పీకరే జల్లెడ. గిటారు స్పీకరు సాధారణంగా 12 అంగుళాల కాగితపు శంకువు. అడుగు వెడల్పు కాగితం. అది ఎంత వేగంగా ముందుకీ వెనక్కీ ఊగగలదు? దానికో హద్దు ఉంది. సుమారు 5 వేల హెర్ట్జ్ దాటాక అది చేతులెత్తేస్తుంది. ఆ పైన ఉన్న శబ్దం గబగబా తగ్గిపోతుంది. పాటలు వినే స్పీకర్లలో అయితే ఇది లోపం. గిటారుకి ఇదే వరం. పొట్టు పోయి పిండి మిగిలింది.

జల్లెడ లేకుండా రొట్టె చేసినవాళ్ళూ ఉన్నారు, కావాలని. 1968లో బీటిల్స్ రెవల్యూషన్ అనే పాట రికార్డు చేసినప్పుడు గిటారుని స్పీకరు లేకుండా నేరుగా మిక్సింగ్ బల్లలోకి పెట్టి, దాన్ని ఓవర్‌లోడ్ చేసి మోగించారు. ఆ బరబర వాళ్ళకి కావలసిందే. మనకి కావాలో వద్దో మనం నిర్ణయించుకోవాలి. తెలియక జల్లెడ మర్చిపోవడం మాత్రం వద్దు.

పెట్టె మహిమ ఏమిటో చరిత్రలోంచి ఒక సంగతి చెప్తాను. నాకు ఇది చాలా ఇష్టమైన కథ. పడమటి లండన్‌లో హాన్‌వెల్ అనే చోట జిమ్ మార్షల్ అనే ఆయన వాద్యాల కొట్టు నడిపేవాడు. ఆయన స్వతహాగా డ్రమ్ములు వాయించేవాడు, నేర్పేవాడు. ఆ కొట్టుకి వచ్చే కుర్రాళ్ళకి ఫెండర్ అనే అమెరికా కంపెనీ యాంప్‌లంటే మోజు. వాటిని దిగుమతి చేసుకోవాలంటే ఖరీదు. 1960ల మొదట్లో మార్షల్, ఆయన దగ్గరి పనివాళ్ళు ఫెండర్ వాళ్ళ బాస్‌మన్ అనే యాంప్‌ని ముందు పెట్టుకుని, దాదాపు అదే సర్క్యూట్‌తో తమ యాంప్ కట్టారు. దాని పేరు జేటీఎం 45.

ఇప్పుడు తేడా చూడండి. బాస్‌మన్‌లో 10 అంగుళాల స్పీకర్లు నాలుగు. పెట్టె వెనక తెరిచి ఉండేది. మార్షల్ ఆ స్పీకర్లు పెట్టలేదు. ఇంగ్లండులోనే తయారయ్యే సెలెస్టియన్ స్పీకర్లు పెట్టాడు. 12 అంగుళాలవి, నాలుగు. పెట్టె వెనక మూసేశాడు. లోపల వాల్వులూ ట్రాన్స్‌ఫార్మర్లూ కూడా కొన్ని మారాయి, కాదనను. కానీ వచ్చిన శబ్దం మాత్రం పూర్తిగా వేరే. ఫెండర్ మెరిసే శబ్దం. మార్షల్ గుండె మీద తట్టే శబ్దం. రాక్ సంగీతం ఆ నాలుగు స్పీకర్ల పెట్టె మీద ఎంతకాలం నిలబడిందో మీకు తెలుసు. దాదాపు అదే సర్క్యూట్. వేరే పెట్టె. వేరే లోకం.

సగం టోను స్పీకరు పెట్టెదే.

ఇంతకీ అంత బరువైన చెక్కపెట్టె కంప్యూటర్లోకి ఎలా వచ్చింది? దానికి ఒక చక్కటి ఉపాయం ఉంది. మన అమ్మమ్మలకి తెలిసిన ఉపాయమే. సంతలో కుండ కొనేటప్పుడు ఏం చేసేవాళ్ళు? వేలు మడిచి టంగున కొట్టేవాళ్ళు. చెవి దగ్గర పెట్టుకుని వినేవాళ్ళు. ఒక్క దెబ్బ. కుండ ఎంత కాలింది, ఎక్కడైనా బీట ఉందా, గోడ మందమా పల్చనా, అన్నీ ఆ ఒక్క మోతలో తెలిసిపోయేవి.

స్పీకరు పెట్టెనీ అలాగే కొట్టి చూస్తారు, వేలితో కాదు, శబ్దంతో. కింది నుంచి పై దాకా సాగే ఒక కూతని ఆ పెట్టెలో మోగించి, ముందు మైకు పెట్టి పట్టుకుంటారు. దాన్నుంచి ఆ ఒక్క టంగుమనే మోతని లెక్కకట్టి తీస్తారు. దాన్ని ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు. క్లుప్తంగా ఐఆర్. చిన్న ఫైలు. సాధారణంగా అర సెకను కూడా ఉండదు. కానీ ఆ అర సెకనులో పెట్టె ఉంది, స్పీకరు ఉంది, మైకు ఉంది, ఆ మైకు ఎక్కడ పెట్టారో అదీ ఉంది. మీ గిటారు శబ్దాన్ని ఆ మోత మీదుగా నడిపిస్తే, ఆ పెట్టెలోంచి వచ్చినట్టే వినిపిస్తుంది. మీ సాఫ్ట్‌వేర్లో ఐఆర్ అని గానీ, క్యాబ్ అని గానీ ఎక్కడ కనపడినా, అది ఈ కుండ మీద దెబ్బ అని గుర్తుపెట్టుకోండి.

ఇక్కడే ఇంకో సంగతి. చాలామందికి మనసులో ఉండిపోయే అసంతృప్తి ఇది. "సాఫ్ట్‌వేర్ శబ్దం నిజం యాంప్ లాగా లేదు, ఎదురుగా నిలబడితే వచ్చే ఆ ఊపు లేదు" అంటారు. వాళ్ళు చెప్పేది నిజమే. నిజం యాంప్ ముందు నిలబడితే శబ్దం మోకాళ్ళకి తగులుతుంది, గోడలకి తగిలి చెవికి వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చేది ఆ అనుభవం కాదు. పెట్టెకి రెండు మూడు అంగుళాల దూరంలో పెట్టిన మైకు ఏం వింటుందో, అది ఇస్తుంది. అంటే మీరు వింటున్నది మీ చెవితో కాదు, మైకు చెవితో. పెళ్ళికి వెళ్ళడం వేరు, పెళ్ళి వీడియో చూడటం వేరు. కాకపోతే మీరు ఇన్నాళ్ళూ ప్రేమించిన గిటారు పాటలన్నీ మైకు చెవితో విన్నవే. రికార్డులో విన్న శబ్దం కావాలంటే సాఫ్ట్‌వేర్ దగ్గర అది ఉంది. గదిలో ఊపు కావాలంటే హెడ్‌ఫోన్స్ దగ్గర అది దొరకదు. ఏది వెతుకుతున్నామో ముందు తేల్చుకుంటే సగం బాధ తగ్గుతుంది.

సరే, చేసే పనికి వద్దాం. ఈ రాత్రే చెయ్యవచ్చు.

మీకు బాగా చేతిలో ఉన్న ఒక చిన్న ముక్క వాయించండి. పది సెకన్లు చాలు. యాంప్ లేకుండా, గిటారు శబ్దం ఒక్కటే రికార్డు చెయ్యండి. అది మళ్ళీ మళ్ళీ మోగేలా పెట్టండి. ఇక గిటారు పక్కన పెట్టెయ్యండి. ఇది ముఖ్యం. చేతులు వాయిస్తుంటే చెవులు సరిగ్గా వినవు. వంట చేసిన మనిషికి రుచి తెలియకపోవడం మీరు చూసే ఉంటారు. పొయ్యి దగ్గర నిలబడీ నిలబడీ ముక్కు అలిసిపోతుంది.

ఇప్పుడు ఒక యాంప్ పెట్టండి. నాబ్‌లన్నీ మధ్యలో ఉంచండి. వాటిని ముట్టుకోనని మీకు మీరే మాటివ్వండి. పెట్టె ఒక్కటే మార్చండి. వెనక తెరిచి ఉన్న ఒకే స్పీకరు పెట్టె పెట్టి వినండి. గాలి ఆడే వరండాలో పాడినట్టు ఉంటుంది. వాక్స్ ఏసీ 30 అనే యాంప్‌లో ఉండే రెండు స్పీకర్ల పెట్టె పెట్టండి. గజ్జెల గలగల వినపడుతుంది. మార్షల్ తరహా నాలుగు స్పీకర్ల మూసిన పెట్టె పెట్టండి, గ్రీన్‌బ్యాక్ అనే స్పీకర్లతో. శబ్దం కిందికి దిగి, మధ్యలో కండ పడుతుంది. అదే పెట్టెలో వింటేజ్ 30 అనే స్పీకర్లు పెట్టండి. ముక్కులోంచి గట్టిగా పలికినట్టు, ముందుకి పొడుచుకొస్తుంది. నాబ్ ఒక్కటి కూడా కదల్లేదు. నాలుగు వేరే గిటార్లు విన్నట్టు ఉంటుంది.

ఒకటి నచ్చుతుంది. నచ్చిన పెట్టె దగ్గర ఆగండి. ఇప్పుడు మైకు కదపండి. చాలా సాఫ్ట్‌వేర్లలో స్పీకరు బొమ్మ ముందు మైకు బొమ్మ ఉంటుంది. షూర్ కంపెనీ వాళ్ళ ఎస్సెమ్ 57 మైకు తప్పకుండా కనపడుతుంది. 1965 నుంచి తయారవుతోంది. గిటారు స్పీకరు ముందు దానికున్న చోటు ఇప్పటికీ దానిదే. ఆ మైకుని స్పీకరు నడిబొడ్డున పెడితే శబ్దం పదునుగా, కోసేటట్టు ఉంటుంది. అంచు వైపు జరిపే కొద్దీ మెత్తబడుతుంది. ఒక్క అంగుళం జరిపితే వచ్చే తేడా ట్రెబుల్ నాబ్ తిప్పితే రాదు. శబ్దం గుచ్చుతోందా? ట్రెబుల్ తగ్గించకండి. మైకుని అంచుకి జరపండి. మూసుకుపోయినట్టు ఉందా? నడిమికి జరపండి.

ఇంతా అయ్యాక, ఇప్పుడు నాబ్‌లు. అప్పటికి వాటికి పెద్దగా పని మిగలదు. నా అనుభవంలో రెండు గీతలు అటూ ఇటూ, అంతే.

ఒక హెచ్చరిక. జల్లెడ ఒకటే ఉండాలి. కొందరు సాఫ్ట్‌వేర్లోని రెడీమేడ్ అమరికలో ఒక పెట్టె ఉందని చూసుకోకుండా ఇంకో ఐఆర్ తగిలిస్తారు. ఇంకొందరు సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని తీసుకెళ్ళి నిజమైన గిటారు యాంప్‌లో పెడతారు, అక్కడ ఎలాగూ స్పీకరు పెట్టె ఉందని మర్చిపోయి. రెండుసార్లు జల్లిస్తే మంచి పిండి కూడా పోతుంది. శబ్దం దుప్పటి కప్పుకున్నట్టు అయిపోతుంది. నిజం గిటారు స్పీకరులోకి పంపుతుంటే సాఫ్ట్‌వేర్లో పెట్టెని ఆపెయ్యండి. హెడ్‌ఫోన్స్‌లోనో, పాటల స్పీకర్లలోనో వింటుంటే పెట్టె ఉండి తీరాలి.

ఇక పెట్టె కంటే ముందే పాడయ్యే చోటు ఒకటుంది. గిటారు కంప్యూటర్లోకి దిగే చోటు. మనం ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న డబ్బా వాడతాం. దానికి ఒక మీట ఉంటుంది. ఇన్‌స్ట్రుమెంట్ అనో, హై జెడ్ అనో రాసి ఉంటుంది. అది వేసి ఉండాలి. ఎందుకంటారా? గిటారు పికప్ చిన్న ఊటబావి లాంటిది. నీళ్ళు తియ్యగా ఉంటాయి, కానీ నెమ్మదిగా ఊరతాయి. దానికి పెద్ద మోటారు బిగిస్తే ఏమవుతుంది? బురద వస్తుంది. గిటారు కోసం చేసిన ఇన్‌పుట్ 10 లక్షల ఓమ్‌ల దగ్గర ఉంటుంది. అంటే చెంబుతో నెమ్మదిగా తోడుకోవడం. మామూలు లైన్ ఇన్‌పుట్ 10 వేల ఓమ్‌ల దగ్గర ఉంటుంది. అది పెద్ద మోటారు. దాంట్లో పెడితే పైస్వరాలన్నీ చచ్చి, గిటారు మొద్దుబారిపోతుంది. అది ఏ పెట్టె పెట్టినా తిరిగి రాదు.

ఆ డబ్బా మీదే ఇన్‌పుట్ నాబ్ ఉంటుంది. బావి నుంచి బిందె తెచ్చేటప్పుడు అంచు దాకా నింపం కదా. నాలుగు వేళ్ళు వెలితి పెడతాం. అలాగే, మీరు ఎంత గట్టిగా కొట్టినా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టుకోండి. ఎర్ర దీపం వెలిగిందంటే బిందె ఒలికింది. యాంప్ గరుకు చెవికి ఇంపు. ఈ ఒలికిన గరుకు ఇంపు కాదు, దాన్ని సరిచెయ్యడమూ కుదరదు.

తీగ మీటాక శబ్దం ఆలస్యంగా వస్తోందని కొందరు కంగారు పడతారు. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనులో 34 సెంటీమీటర్లు నడుస్తుంది. యాంప్‌కి మూడు మీటర్ల దూరంలో నిలబడి వాయించేవాడికి 9 మిల్లీసెకన్ల ఆలస్యం ఎప్పుడూ ఉంటుంది. మీ ఆలస్యం మొత్తం 10 మిల్లీసెకన్ల లోపు ఉంటే దాని జోలికి పోకండి. ఎక్కువైతే సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో బఫర్ అనే అంకె తగ్గించండి. విండోస్ వాడేవాళ్ళయితే ఇంటర్‌ఫేస్‌తో వచ్చిన ఏసియో డ్రైవర్ పెట్టుకోండి.

గెయిన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అది నా మనసుకి దగ్గరి విషయం.

గెయిన్ అంటే గరుకుతనం ఎంత కావాలో చెప్పే నాబ్. ఇంట్లో ఒక్కరమే వాయించుకుంటుంటే గెయిన్ పెంచుకోవాలనిపిస్తుంది. పెంచితే శబ్దం నిండుగా ఉంటుంది, తీగ ఎక్కువసేపు నిలుస్తుంది, తప్పులు కప్పబడిపోతాయి. కానీ దానికి మనం చెల్లించే ధర పెద్దది. గట్టిగా కొట్టినా మెల్లగా కొట్టినా ఒకేలా మోగుతుంది. వేళ్ళ మాట వినపడదు. మీరు పెద్ద రాక్ రికార్డుల్లో విని ఆశపడే ఆ మందమైన శబ్దం, చాలాసార్లు గెయిన్ వల్ల వచ్చింది కాదు. ఒకే ముక్కని రెండుసార్లు వాయించి, ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి పెడతారు. మన గుళ్ళో భజన గుర్తు తెచ్చుకోండి. ఒక్కడే గొంతు చించుకుని అరిస్తే అది భజన అవుతుందా? పదిమంది మామూలు గొంతుతో పాడితే గుడి నిండుతుంది. ఆ పదిమందీ రవ్వంత తేడాగా పాడతారు కనకే ఆ నిండుదనం. అందుకని రెండోసారి నిజంగా వాయించాలి. కాపీ చేసి పెడితే రాదు. గెయిన్ ఎంత కావాలనిపిస్తే అందులో మూడో వంతు తగ్గించి, రెండుసార్లు వాయించండి.

మన సంగీతం గిటారు మీద వాయించేవాళ్ళకైతే ఇది మరీ ముఖ్యం. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారిని తలుచుకోండి. జంట తీగల మాండలిన్‌ని పక్కన పెట్టి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించారు. ఆ గమకాలు అంత స్పష్టంగా చెవిన పడ్డాయంటే టోను శుభ్రంగా ఉండబట్టే. గరుకు ఎక్కువైతే గమకం మసకబారుతుంది. స్వరం ఎక్కడినుంచి ఎక్కడికి జారిందో తెలియదు. రాగం వాయించాలనుకునేవాళ్ళు గెయిన్ బాగా కింద పెట్టి, వెనక తెరిచిన పెట్టెతో మొదలుపెట్టండి.

చివరిగా, ఎలా పోల్చుకోవాలి అన్నది. పట్టుచీర కొనేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు ఏం చేస్తారు? కొట్లో లైట్ల కింద నచ్చినా సరే, వాకిట్లోకి తెచ్చి ఎండలో చూస్తారు. మీ టోనుకి కొట్లో లైటు అంటే ఒంటరిగా మోగటం. ఒంటరిగా మోగితే బేస్ ఎక్కువున్న టోను గొప్పగా ఉంటుంది. డ్రమ్ములూ, బేస్ గిటారూ, పాటా కలిశాక అది బురద అయిపోతుంది. ఎండ అంటే పాట. గిటారులో అన్నిటికన్నా లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అంతకంటే కింద గిటారుకి పనేమీ లేదు. 80 హెర్ట్జ్ కింద కోసెయ్యండి. పైన 8 వేల హెర్ట్జ్ దగ్గర ఇంకాస్త కోసినా పాటలో ఎవరికీ లోటు తెలియదు. ఒంటరిగా వింటే కాస్త పల్చబడిందనిపిస్తుంది. పాటలో దాని చోటు అది తీసుకుంటుంది.

పోల్చేటప్పుడు శబ్దం మోతాదు రెండింటికీ సమానంగా ఉండాలి. రెండు టోన్లలో ఒకటి కొంచెం గట్టిగా మోగితే అదే బాగుందనిపిస్తుంది, అది బాలేకపోయినా. మెల్లగా వింటే చెవికి బేస్ తక్కువ పడుతుంది. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే ఇది కొలిచి చూపించారు. అర్ధరాత్రి గుసగుసంత శబ్దంలో బేస్ పెంచి టోను కట్టుకుని, మర్నాడు పెద్దగా మోగిస్తే ఇల్లంతా గుమ్‌మని మోగేది అందుకే. ఇద్దరు మనుషులు మామూలుగా మాట్లాడుకునేంత శబ్దం పెట్టుకుని టోను కట్టండి. ఆ మోతాదు మార్చకండి.

నేను ఇందాక చెప్పిన కుర్రాడు మొన్న మళ్ళీ వచ్చాడు. ఒక పాట వినిపించాడు. తనే కట్టుకున్న పాట. గిటారు కుడి ఎడమల నుంచి నిండుగా వస్తోంది, మధ్యలో గొంతుకి చోటిచ్చి. ఎంతో బాగుంది. "యాంప్ ఏది వాడావురా?" అని అడిగాను. కాసేపు ఆలోచించాడు. పేరు గుర్తు రాలేదు. "పెట్టె మాత్రం నాలుగు స్పీకర్లదండీ, గ్రీన్‌బ్యాక్‌లు. మైకు నడిమి నుంచి అంగుళంన్నర అంచుకి జరిపాను" అన్నాడు. నోటుపుస్తకం తెచ్చాడు కూడా. కొత్త పేజీలో స్పీకరు బొమ్మ గుండ్రంగా గీసి, మైకు పెట్టిన చోట చుక్క పెట్టుకున్నాడు.